ఆ కాగితం మీద సంతకం పెట్టండి

"ఆడపిల్లవి, అర్ధరాత్రి సముద్రం ఒడ్డున నీకేం పనే?" చెన్నైలో డిగ్రీ చదువుతున్న కూతురు తాబేళ్ల కోసం నడవడానికి వెళతానంటే మా అక్క అన్న మాట ఇది. అదే కొడుకు అడిగితే "జాగ్రత్తరా" అని పంపేసేది.

అది షికారు కాదు. ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. వాటిని కాపాడటానికి 1988లో చెన్నై విద్యార్థులే ఒక బృందంగా ఏర్పడ్డారు. నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా దాదాపు 7 కిలోమీటర్లు రాత్రిపూట నడుస్తారు. మనలాంటి మామూలు జనమూ వెంట వెళ్లొచ్చు. ఇసుకలో జాడ పట్టి గూడు కనిపెడతారు. అనుభవమున్నవాళ్లు గుడ్లు తీసి లెక్కపెడతారు, గూటి లోతు కొలుస్తారు, హేచరీలో అంతే లోతున పాతిపెడతారు. ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి. సుమారు 45 రోజులకు పిల్లలు బయటికొచ్చాక ఎన్ని బతికాయో, ఎన్ని చెడ్డాయో మళ్లీ లెక్క. ఇలా ఏళ్ల తరబడి రాసిన లెక్కలే పరిశోధనకు ఆధారం.

ఇంకో సంగతి. ఇసుక వేడిగా ఉంటే ఆడ తాబేళ్లు, చల్లగా ఉంటే మగవి పుడతాయట! ఈ ముక్క పుస్తకంలో చదవడం వేరు, ఇసుకలో చెయ్యి పెట్టి చూస్తూ వినడం వేరు.

డిగ్రీలో మా బోటనీ టూరుకి నాన్న సంతకం పెట్టలేదు. స్నేహితురాలు తెచ్చిన ఆకులు చూసి రికార్డులో బొమ్మలు దించుకున్నాను. మార్కులొచ్చాయి. అడవి మాత్రం రాలేదు.

అమ్మల భయం ఉత్తిదని నేననను. ఎవరెవరు వెళుతున్నారు, పెద్దవాళ్లెవరు, తిరిగి ఎలా వస్తారు... అన్నీ అడగండి. అడిగి తెలుసుకుని పంపండి. అడగకుండానే వద్దనడం జాగ్రత్త కాదు, మన భయాన్ని పిల్లకి అంటగట్టడం. చీకట్లో తెలియని దారిన నడిచి, తడబడి, మళ్లీ సరిగ్గా కొలిచి రాసుకోవడం మగపిల్లలకే పరిమితమైన చదువా?

మా అక్క ఆ ఏడాది పంపలేదు. మరుసటి ఏడు తనే తోడుగా వెళ్లింది. తెల్లారి ఫోన్ చేసి ముందు కాళ్ల నొప్పులు చెప్పింది, తర్వాత అరగంట తాబేలు గురించే!

ఈ తాబేళ్లు మన విశాఖ, శ్రీకాకుళం తీరాలకూ వస్తాయి. మీ అమ్మాయి ఇలాంటి ప్రయాణానికి అనుమతి కాగితం తెస్తే సంతకం పెట్టండి. వీలైతే మీరూ బయల్దేరండి. ఒక రాత్రి వంటిల్లు మనల్ని వెతుక్కోదు.