మూడున్నర రూపాయల వడ్డీ మీద ఎగిరే విమానం

నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ని మన ఊళ్లలో ఏమంటారో మీకు తెలుసు. జలగ అంటారు. వాడి ఇంట్లో పెళ్లికి వెళ్లి భోజనం చేసొచ్చి కూడా తిడతారు. అదే మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాడు విమానం బొమ్మేసిన నల్ల క్రెడిట్ కార్డు ఒకటి కొరియర్‌లో పంపితే, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం. ఆ కార్డు మీద చేసే ఖర్చుకి పాయింట్లో మైళ్లో ఇస్తారు, అవి పోగైతే విమానం టికెట్టు ఉచితమంటారు.

లెక్క చూడండి. మన దేశంలో చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం. ఏడాదికి 42 నుంచి 45. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల బాకీ ఒక్క నెల ఉంచితే వడ్డీ 3,500, జీఎస్టీ 630, మొత్తం 4,130. కాస్త ముందుగా కొనుక్కుంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే టికెట్టు ఇంచుమించు ఆ ధరకే దొరికే రోజులున్నాయి. ఏడాదంతా పాయింట్లు ఏరుకుని సంపాదించిన ‘ఉచిత’ ప్రయాణం ఒక్క నెల తేడా వస్తే హుష్‌కాకి. పైగా బాకీ మిగిలిన క్షణం నుంచి వడ్డీ లేని గడువు పోతుంది. మర్నాడు ఆ కార్డు మీద కొన్న పాల ప్యాకెట్టుకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇది దరఖాస్తు మీద సంతకం పెట్టించుకునే కుర్రాడు ఎప్పుడైనా చెప్పాడా? వాడు చెప్పేది విమానాశ్రయం లాంజ్ గురించి.

2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ 30 శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమని తేల్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకెక్కాయి. పదహారేళ్ల తర్వాత, 2024 డిసెంబర్ 20న, కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వడ్డీ సంగతి చూసుకోవాల్సింది రిజర్వు బ్యాంకేనంది. రిజర్వు బ్యాంకేమో మితిమీరిన వడ్డీ వద్దంటుంది గానీ ఎంత దాటితే మితిమీరినట్టో అంకె వేసి చెప్పదు. ఇంత ధర్మసందేహం మన ఊరి వడ్డీ వ్యాపారి విషయంలో ఎవరికీ రాలేదు.

‘నేను ప్రతి నెలా పైసాతో సహా కట్టేస్తాను, నాకేం?’ అనే పెద్దమనిషి ఒకాయన ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఆయనతోనే నాకు పేచీ. అయ్యా, మీ కిటికీ సీటుకి డబ్బు ఆకాశం నుంచి రాలిందనుకుంటున్నారా? మీ పక్క టేబుల్ కుర్రాడు ‘మినిమం డ్యూ’ అనే కనీస మొత్తం మాత్రమే కట్టి ఊపిరి పీల్చుకుంటున్నాడే, ఆ వడ్డీలోంచి వచ్చింది. బ్యాంకు లాభంలో మీది చిన్న వాటా, వాడిది పెద్ద వాటా. మిగతాది దుకాణదారు దగ్గర కోసుకున్న కమీషన్. దుకాణదారు మాత్రం చేతినుంచి పెట్టుకుంటాడా? అబిడ్స్‌లోనో బేగంబజార్‌లోనో కాస్త పెద్ద సరుకు కొని కార్డు తీయండి. ‘కార్డయితే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా సార్, ఫోన్‌పే చేసెయ్యండి’ అంటాడు. అక్కడ మన మైళ్ల భక్తుడు ఏం చేస్తాడు? ఇంత ఖర్చు దాటితే ఇచ్చే మైలురాయి బోనస్‌కి ఇంకా నలభై వేలు తక్కువైందని గుర్తొచ్చి ‘పర్లేదు, గీకండి’ అంటాడు. నూటికి రూపాయి విలువైన పాయింట్ల కోసం నూటికి రెండు రూపాయలు చదివించుకుంటాడు. ఇంటికొచ్చి భార్యకి ఆ పాయింట్ల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆ రెండు రూపాయల ఊసుండదు.

అసలు ఈ మైలు అనే నోటు అచ్చేసేది విమాన సంస్థే, విలువ కట్టేదీ అదే, తగ్గించేదీ అదే. అచ్చేసిన మైళ్లని బ్యాంకుకి టోకున అమ్ముకుంటుంది. చిల్లర వ్యాపారమనుకునేరు. అమెరికాలో డెల్టా విమాన సంస్థకి 2023లో కార్డులిచ్చే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది దాదాపు 680 కోట్ల డాలర్లు. 2020లో కోవిడ్‌కి విమానాలు నేలకి కరుచుకుపోతే, యునైటెడ్ విమాన సంస్థ తన మైళ్ల పథకం మైలేజ్‌ప్లస్‌ని తాకట్టు పెట్టి దాదాపు అంతే అప్పు తెచ్చుకుంది. తాకట్టులో పెట్టింది మైళ్ల పుస్తకాన్ని! డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు కొత్త కార్డుకిచ్చే సైనప్ బోనస్‌ల కోసం కార్డు మీద కార్డు తీస్తూ బ్యాంకుని బురిడీ కొట్టిస్తున్నామని మురిసిపోతుంటారు. ఏళ్లకేళ్లు ఇంత డబ్బు చేతులు మారే వ్యాపారంలో బురిడీ ఎవరికి పడుతోందో కాస్త ఆలోచించాలి.

ఇక్కడి చరిత్ర మరీ ముచ్చటైనది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. దాని మైళ్ల పథకం జెట్ ప్రివిలేజ్ వేరే కంపెనీ కాబట్టి మైళ్లు బతికాయి, పేరు మార్చుకున్నాయి. ఏ విమానం కోసం కూడబెట్టారో ఆ విమానమే లేదు. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసిపోయింది. పాయింటుకి పాయింటు చొప్పున బదిలీ చేశారు, సంతోషం. కానీ నాలుగు బ్యాంకులు ఆ పేరు మీద అమ్మిన కార్డులు, ఇంత ఖర్చు చేస్తే ఉచిత టికెట్టని ఊరించిన ఆ కార్డులు, బ్రాండుతోపాటే మూలపడ్డాయి. విమాన సంస్థ నిక్షేపంగా ఉన్నా భరోసా లేదు, బ్యాంకు కూడా విలువ తగ్గించగలదు. యాక్సిస్ మాగ్నస్ కార్డు మీద 5 పాయింట్లకు 4 మైళ్లు వచ్చేవి. 2023 సెప్టెంబర్ 1 నుంచి 2 అయ్యాయి. సగానికి సగం. బ్యాంకులో దాచిన సొమ్ము విలువ ఇలా సగం చేస్తే ఊరుకుంటామా? పాయింటు మన సొమ్ము కాదు, వాళ్ల దయ. ఆ సంగతి షరతుల కాగితంలో చీమతలంత అక్షరాల్లో రాసే ఉంటుంది.

లాంజ్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయంలో ఆ వరస చూడండి. ఆరిపోయిన ఉప్మా కోసం గేటు మూసేదాకా నిలబడ్డవాళ్లున్నారు. ఆ ఉప్మాకి కూడా ఇప్పుడు చాలా బ్యాంకులు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలని మెలిక పెట్టాయి.

ఇంత చెప్పినా తీసుకుంటానంటారా? సరే. ముందు మీ ఊరి విమానాశ్రయం బోర్డు చూడండి. రాజమండ్రి నుంచి తిరిగేవాడికి ఎక్కువగా దొరికేది ఇండిగోనే, వాడు ఇంకో సంస్థ కార్డు తీసుకుని ఏం చేసుకుంటాడు? ఆఫీసు డబ్బుతో కాకుండా సొంత డబ్బుతో ఏటా ఎన్నిసార్లు ఎగురుతున్నారో చూసుకోండి. కార్డు ఏడాది ఫీజు 5,000 అంటే జీఎస్టీతో 5,900 అని రాసుకోండి. అద్దెకీ పెట్రోలుకీ ఇన్సూరెన్సుకీ పాయింట్లు వస్తాయో లేదో చూడండి, మీ ఖర్చులో సగం అవే కావచ్చు. ‘ఉచిత’ టికెట్టు మీద కూడా పన్నులు, విమానాశ్రయం రుసుములు మీరే కట్టాలి. విదేశంలో గీకితే చాలా కార్డుల మీద 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. ఇవన్నీ తీసేశాక ఏమైనా మిగిలితే తీసుకోండి, మొత్తం బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకోండి. ఒక్క నెల బాకీ మోసే అలవాటున్నా ఆ దరఖాస్తు చించెయ్యండి.

ఇప్పటికే ఉన్నవాళ్లకి ఒక సులువు ఉంది. బాకీ లేకపోతే, మూసెయ్యమని అడిగిన ఏడు పనిదినాల్లో బ్యాంకు కార్డు మూయాలి. మూయకపోతే రోజుకి 500 చొప్పున మీకే కట్టాలి. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన రూలు ఇది. ఫోన్ చేయగానే అవతల అమ్మాయి తియ్యగా ‘సార్, ఈ ఏడాది ఫీజు మాఫీ చేస్తాం’ అంటుంది. మరి నిరుడు ఎందుకు చెయ్యలేదో అడగండి.