చూపురాశి, చెవిరాశి, చేతిరాశి

విల్లీ కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. పౌలాకు గీత దాటితే నచ్చదు. నోట్సు, రంగు పెన్సిళ్లు, టైంటేబుల్ అన్నీ పద్ధతిగా ఉండాలి. కార్ల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు, తనంతట తాను లాగించేస్తాడు. స్యూకి పక్కన కబుర్లాడే మనిషి ఉంటే చాలు. ఈ నలుగురూ ఏ ఇంటి పిల్లలూ కారు. అమెరికాలో ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రుల కోసం క్యాథీ డఫీ రాసిన గైడులో కనిపించే నమూనాలు వీళ్లు. 'విగ్లీ విల్లీ', 'పర్ఫెక్ట్ పౌలా', 'కాంపిటెంట్ కార్ల్', 'సోషబుల్ స్యూ' అని పేర్లు. పిల్లవాడు వీళ్లలో ఎవరికి దగ్గరో తేలితే, ఏ పుస్తకాలు కొనాలో తేల్చుకోవడం సులువవుతుందని లెక్క.

తెలుగు పాఠకుడికి ఈ వరస కొత్తేమీ కాదు. మేషానికి దూకుడు, కన్యకు పద్ధతి, మకరానికి పట్టుదల, తులకు స్నేహం. పంచాంగంలో పన్నెండు, ఇక్కడ నాలుగు, అంతే తేడా. డఫీ గైడు పనికిరానిదని కాదు. ఏ పాఠ్యపుస్తకం ఎలా ఉంటుందో ఓపిగ్గా చదివి చెప్పిన పుస్తకం అది. చిక్కంతా ఆ నలుగురితోనే.

పిల్లలను ఇలా రకాలుగా విడదీసి, రకాన్ని బట్టే చదువు చెప్పాలన్న నమ్మకం ఎందుకంత గట్టిగా నాటుకుందో తెలియాలంటే ముందు ఆ తల్లిదండ్రుల పరిస్థితి చూడాలి. 1993 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. కోవిడ్ వచ్చిన 2020 వసంతంలో బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో 5.4 శాతం ఇంటి చదువులో ఉంటే, ఆ ఏడాది శరత్తుకల్లా అది 11.1 శాతానికి చేరిందని ఆ దేశపు జనగణన సంస్థ సర్వే చెప్పింది. బడి ఉంటే పుస్తకం బడే ఎంచుతుంది. బడి లేనప్పుడు ఎంపిక భారమంతా అమ్మ నెత్తిన పడుతుంది. లెక్కలకే చూస్తే, రోజూ పాత పాఠాలను తిరగేయించే సాక్సన్ ఒకటి, రంగు దిమ్మెలతో నేర్పే మాథ్-యు-సీ ఒకటి, సింగపూర్ పద్ధతి ఒకటి. భాషకు వస్తే మంచి కథల పుస్తకాలు చదివించి, చదివింది మళ్లీ పిల్లల నోటే చెప్పించాలన్న షార్లెట్ మేసన్ దారి ఒకవైపు, పేజీల కొద్దీ వర్క్‌బుక్కులు మరోవైపు. వందల డాలర్ల ఖర్చు, ఏడాది కాలం, పిల్లవాడి భవిష్యత్తు అన్నీ ఆ ఎంపిక మీదే ఆధారపడ్డాయన్న బెంగ. అలాంటి బెంగలో ఉన్నవాళ్లకు పదహారు ప్రశ్నల కాగితం ఒకటి చేతిలో పెట్టి, 'మీవాడు విజువల్ లెర్నర్, చూసి నేర్చుకునే రకం' అని తేల్చేస్తే కలిగే ఊరట సామాన్యమైంది కాదు. ముహూర్తం పెట్టించుకున్నాక పెళ్లివారికి కలిగే నిశ్చింత లాంటిదే అది.

డల్లాస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఒక తెలుగింట్లో ఈ మాట ఫోనులో ఇలా నడుస్తుందనుకోవచ్చు: "వీడు విజువల్ లెర్నర్ అత్తయ్యా, చదివి వినిపిస్తే బుర్రకెక్కదు." అవతల నుంచి వెంటనే సమాధానం: "వాళ్ల నాన్నా అంతేనమ్మా, చందమామలో బొమ్మ లేని పేజీ తిప్పేసేవాడు." శాస్త్రం, వంశపారంపర్యం రెండూ ఒక్క నిమిషంలో రుజువైపోతాయి. చందమామలో బొమ్మ లేని పేజీ తిప్పేయని పిల్లవాడు ఆ తరంలో ఎంతమందున్నారని మాత్రం ఎవరూ అడగరు.

పదహారు ప్రశ్నల కాగితం పేరు వార్క్. న్యూజిలాండ్‌లో బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్ 1992లో దాన్ని ముందుకు తెచ్చాడు. చూపు, వినికిడి, చదువు-రాత, చేత అని నాలుగు దారులు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి దారి చెప్పాలంటే మీరేం చేస్తారు, పటం గీస్తారా, నోటితో చెబుతారా, రాసిస్తారా, వెంట వెళ్తారా అన్న తరహా ప్రశ్నలు అందులో ఉంటాయి. అంతకు ముందే, 1970లలో, అమెరికాలో డన్ దంపతులు వెలుతురు, చప్పుడు, కూర్చునే తీరు దాకా కలుపుకుని తమ పద్ధతి తాము కట్టారు. 2004లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం బ్రిటన్‌లో లెక్క తీస్తే ఇలాంటి అభ్యసన శైలి సిద్ధాంతాలు 71 తేలాయి. జ్యోతిషంలో ఎన్ని గొడవలున్నా రాశులు పన్నెండని అందరూ ఒప్పుకుంటారు. ఇక్కడ ఆ మాత్రం ఏకాభిప్రాయం కూడా లేదు.

వార్క్ అడిగేది ఇష్టాన్ని. పిల్లలకు ఇష్టాలుంటాయన్నది అబద్ధం కాదు. ఒకడికి బొమ్మ ఇష్టం, ఇంకొకడికి కథ వినడం ఇష్టం. అయితే ఇష్టమైన దారిలో చెబితే ఎక్కువ వస్తుందన్నది వేరే మాట, దానికి రుజువు వేరే కావాలి. నాలుకకు నచ్చిన తిండే ఒంటికి పడుతుందని ఏ అమ్మా ఒప్పుకోదు. చదువు దగ్గరికొచ్చేసరికి అదే అమ్మ ఒప్పేసుకుంటుంది.

ఆ రుజువు ఎలా ఉండాలో 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు స్పష్టంగా చెప్పారు. 'చూపు' పిల్లలను, 'వినికిడి' పిల్లలను ముందే విడదీయాలి. రెండు గుంపుల్లోనూ చీటీలు తీసినట్టు సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో ఒకే పాఠం చెప్పాలి. చివర అందరికీ ఒకే పరీక్ష. చూపు పిల్లలకు బొమ్మల్లోనే, వినికిడి పిల్లలకు మాటల్లోనే ఎక్కువ మార్కులు వస్తే సిద్ధాంతం నిలబడినట్టు. అందరికీ బొమ్మలతోనే బాగా వచ్చిందంటే బొమ్మలు మంచివని తేలుతుంది గాని, పిల్లలు రకరకాలని తేలదు. అప్పటిదాకా జరిగిన పనినంతా ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే, ఆ తీరున చేసినవే చాలా తక్కువని, చేసినవాటిలో కొన్ని సిద్ధాంతానికి నేరుగా అడ్డం తిరిగాయని వాళ్లు రాశారు. శైలిని బట్టి పాఠం చెప్పాలనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

తర్వాత చేసినవాళ్లకూ దొరకలేదు. బెత్ రొగౌస్కీ బృందం 2015లో పెద్దవాళ్లను తీసుకుని కొందరికి పుస్తకాన్ని వినిపించింది, కొందరి చేత తెర మీద చదివించింది. వెంటనే ఒకసారి, రెండు వారాల తర్వాత మరోసారి పరీక్ష పెట్టింది. ఎవరి ఇష్టానికీ వాళ్ల మార్కులకూ పొత్తు కుదరలేదు. అదే బృందం 2020లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన పని ఇంకా ఆసక్తికరం. 'చూపు' పిల్లలకు చదివినప్పుడూ, విన్నప్పుడూ కూడా 'వినికిడి' పిల్లల కంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అంటే వినడం ఇష్టమన్న పిల్లవాడు వినడంలోనూ వెనకే ఉన్నాడు. వాడికి నిజంగా కావాల్సింది చదవడంలో సాధన. శైలి పేరు చెప్పి ఆడియో పుస్తకాలు కొనిపెడితే ఏ గుంతలో ఉన్నాడో ఆ గుంతనే లోతు చేసినట్టవుతుంది.

ఇంత జరిగినా నమ్మకం చెక్కు చెదరలేదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో బ్రిటన్ ఉపాధ్యాయుల్లో 93 శాతం, నెదర్లాండ్స్‌లో 96 శాతం మంది శైలిని బట్టి చెబితే పిల్లలు బాగా నేర్చుకుంటారన్నారు. చదువు చెప్పేవాళ్లే అలా అంటుంటే ఇంట్లో ఒంటరిగా తంటాలు పడే అమ్మను తప్పుపట్టి లాభం లేదు.

ఎలా నమ్ముతారన్నదానికి 1948లోనే ఒక జవాబు దొరికింది. అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. కాగితాలన్నిటిలో ఉన్నది ఒకటే రాత. అందులో వాక్యాలు దుకాణంలో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. 'మీవాడు చేసి చూస్తే బాగా నేర్చుకుంటాడు, ఎక్కువసేపు ఉపన్యాసమిస్తే పరధ్యానంలో పడతాడు' అన్న వాక్యం ఏ ఇంటి ఎనిమిదేళ్ల పిల్లవాడికి సరిపోదు?

దానికి తోడు అనుభవం అనే సాక్షి ఒకటుంది. రెండో తరగతిలో ఒక లెక్కల పుస్తకం కొన్నారు, పిల్లవాడు ఏడ్చాడు. దిమ్మెల పుస్తకానికి మారారు, నవ్వాడు. అమ్మ తేల్చేసింది: వీడు చేతిరాశి. ఈ మధ్యలో పిల్లవాడికి ఏడాది వయసు పెరిగింది. కొత్త పుస్తకం మొదటి నుంచి మొదలుపెట్టింది కాబట్టి, స్థానవిలువ దగ్గర వదిలేసిన గుంట పూడింది. అన్నిటికీ మించి, ఓడిపోయానన్న బాధతో అమ్మ పక్కనే కూర్చుని ప్రతి లెక్కా చూసింది. ఇంటి చదువుకు ఉన్న అసలు బలం అదే: ఒక పెద్ద మనిషి, ఒకరో ఇద్దరో పిల్లలు, ఎక్కడ ఆగారో అక్కడికే వెనక్కి వెళ్లగలిగే వీలు. చేసిన పని అమ్మది, పేరు శైలికి.

హైదరాబాదు, విజయవాడల్లో ఈ సరుకు ఇంకా పక్కా జాతకం రూపంలోనే దొరుకుతోంది. డీఎంఐటీ అంటారు, అంటే డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్. పిల్లల పది వేళ్ల ముద్రలు తీసుకుని, మెదడులో ఏ భాగం ఎంత శాతమో, చూపు ఎంత, వినికిడి ఎంత, చేత ఎంత, ఇంజనీరవుతాడా లాయరవుతాడా అని రంగుల రిపోర్టు చేతిలో పెట్టి వేలల్లో ఫీజు తీసుకుంటారు. వేలి గీతలు గర్భంలో మూడో నెలలో మొదలై ఐదో నెల కల్లా ఏర్పడిపోతాయి. వాటి అధ్యయనానికి డెర్మటోగ్లిఫిక్స్ అని 1926లో హెరాల్డ్ కమిన్స్ పేరు పెట్టాడు. డౌన్ సిండ్రోమ్ వంటి స్థితుల్లో అరచేతి గీతలు తేడాగా ఉంటాయన్నది వైద్యులకు తెలిసిన విషయమే. ఆ కాస్త నిజాన్ని తొడుక్కుని హస్తసాముద్రికం కంప్యూటరెక్కింది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ప్రకటించింది. 'మల్టిపుల్ ఇంటెలిజెన్స్' అన్న మాట అరువిచ్చిన మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ కూడా, 1983లో తాను చెప్పిన బహుళ ప్రజ్ఞలకూ అభ్యసన శైలులకూ ముడిపెట్టవద్దని 2013లో రాశాడు. రిపోర్టుల్లో ఆ ముడి ఇప్పటికీ విడలేదు.

దారిని నిర్ణయించేది పిల్లవాడి రాశి కాదు, నేర్చుకునే విషయం. భారతదేశపు నదులు ఎటు పారతాయో తెలియాలంటే ఎవరైనా పటమే చూడాలి. 'ళ'కూ 'ల'కూ తేడా ఎవరికైనా చెవిలోనే పడాలి. ఈత చూపురాశి వాడికైనా నీళ్లలో దిగితేనే వస్తుంది. పాత వీధిబడిలో పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ, దాన్ని కళ్లతో చూస్తూ, గొంతెత్తి పలికేవాడు. మూడు రాశులూ ఒక్క వేలి కింద కలిసేవి.

అలాగని పాతదంతా బంగారమని కాదు. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న బళ్లారి జిల్లాలోని వీధిబడుల మీద 1823లో నివేదిక రాసిన కలెక్టర్ కాంప్‌బెల్ ఈ ఇసుక రాతనూ, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతినీ మెచ్చుకున్నాడు. అదే చేత్తో, పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెబుతారు గాని అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసునని కూడా రాశాడు. కన్ను, చెవి, వేలు మూడూ కలిసినా బుర్రకు పని తగలకపోతే అంతే సంగతులు.

దారులన్నీ కలిపి బుర్రకు పని పెట్టాలన్న ఈ పాఠం సింగపూర్ ముందే నేర్చుకుంది. 1980లలో ఆ దేశం తన ప్రాథమిక బడులకు రూపొందించుకున్న లెక్కల పద్ధతిలో ముందు చేత్తో వస్తువులు, తర్వాత బొమ్మ, ఆ తర్వాత అంకెలు, గుర్తులు. ప్రతి పిల్లవాడూ మూడు మెట్లూ ఎక్కాల్సిందే. మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పిన క్రమమే దీనికి పునాది. అమెరికాలో అదే పద్ధతి పుస్తకాన్ని 'బొమ్మలతో నేర్చుకునే పిల్లలకు మంచిది' అని ఒకరికొకరు చెప్పుకుంటారు. నిచ్చెనలో మధ్య మెట్టొకటి ఊడబీకి ఇంటికి పట్టుకెళ్లినట్టు ఉంటుంది.

పిల్లలందరూ ఒకటేనా అంటే కానే కాదు. డిస్లెక్సియా ఉన్న పిల్లకు అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని మెట్టు మెట్టుగా, తేటతెల్లంగా, పదేపదే చెప్పే పుస్తకం కావాలి. అది ఇష్టాల కాగితంలో తేలేది కాదు, తెలిసినవాళ్లు పరీక్షించి చెప్పాల్సింది. సరిగ్గా వినపడని పిల్లవాడి సంగతి వేరు. తొమ్మిదేళ్లకే క్రికెట్ స్కోర్లన్నీ నోటికొచ్చిన పిల్లవాడికి సగటు లెక్క చెప్పడం ఎంత తేలికో, బ్యాటు ముట్టని పిల్లకు అదే ఉదాహరణ అంత కష్టం. ముందే తెలిసింది ఎంత, ఎక్కడ ఆగింది, ఎంత వేగం, దేని మీద మక్కువ: పిల్లలు తేడాగా ఉండేది ఇక్కడ.

ఇంటి చదువు అమ్మలు పుస్తకం కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇక్కడి నుంచే పుడతాయి. ఇది పాత పాఠాన్ని వారం తర్వాత, నెల తర్వాత మళ్లీ అడుగుతుందా? మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. అప్పజెప్పించుకునే తాతయ్య చేసింది ఈ పనే. అర్థం కూడా అడిగి ఉంటే పూర్తయ్యేది. పిల్లవాడు తప్పు చేస్తే ఎందుకు తప్పో చెప్పే దారి పుస్తకంలో ఉందా? అమ్మకు ఆ విషయం అంతగా రాకపోతే ఆసరా ఉందా?

'నా బుర్ర అంతే, నేను చదివే రకం కాదు' అని పదేళ్ల పిల్లవాడు తన గురించి తానే చెప్పడం మొదలుపెట్టాక ఈ ప్రశ్నలు అడగడం కష్టమవుతుంది. ఇంట్లో ఒకప్పుడు 'వీడి నుదుట చదువు రాయలేదు' అన్నప్పుడు కనీసం కొట్లాడటానికి దేవుడుండేవాడు. మెదడు పేరు చెబితే కొట్లాడటానికి కూడా ఎవరూ మిగలరు.

పేరున్న లెక్కల పాఠ్యక్రమాలు చాలావాటికి ఏ స్థాయి పుస్తకంతో మొదలుపెట్టాలో చెప్పే పరీక్ష ఒకటి ఉంటుంది. చాలావరకు ఉచితమే. పిల్లవాడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక పూటలో రాసేయవచ్చు. అందులో నీకు బొమ్మలు ఇష్టమా, మాటలు ఇష్టమా అన్న ప్రశ్న ఉండదు. మూడు పావులకు ఎనిమిదో వంతు కలిపితే ఎంత అని ఉంటుంది. పిల్లవాడు పెన్సిలు కొరుకుతూ ఎక్కడ ఆగిపోయాడో అమ్మకు అక్కడే కనపడుతుంది.