పరుపును బట్టి కణం

మీ భుజం కండని ఒకసారి వేలితో నొక్కండి. కాస్త దిగి మళ్లీ పైకొస్తుంది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌ని నొక్కండి. అస్సలు దిగదు. కండలో బతకాల్సిన కణాల్ని ల్యాబుల్లో దశాబ్దాలుగా పెంచుతున్నది ఇలాంటి గట్టి ప్లాస్టిక్ డిష్షుల్లోనే. తిండి సరిగ్గా పెడితే చాలు, కింద ఏముంటే కణానికేంటి అనుకున్నారు.

2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆడమ్ ఎంగ్లర్, డెనిస్ డిషర్ బృందం ఆ మాట తప్పని చూపించింది. ఎముక మజ్జ నుంచి వచ్చిన మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్ తీసుకున్నారు. వాటికి జెల్‌తో పరుపులు వేశారు. జెల్ కొత్తదేం కాదు, ప్రొటీన్లు వేరుచేయడానికి బయాలజీ ల్యాబుల్లో రోజూ పోసే పాలీఅక్రిలమైడే. పోగుల్ని ముడివేసే రసాయనం తక్కువేస్తే జున్నులా మెత్తన, ఎక్కువేస్తే గట్టి. పైన కొల్లాజెన్ పూత. తిండి అన్నిటికీ ఒక్కటే.

మెదడంత మెత్తగా, 1 కిలోపాస్కల్ లోపు ఉన్న జెల్ మీద కణాలు నాడీకణాల్లా కొమ్మలు చాచాయి. కండంత బిగువున్న జెల్ మీద కండకణాల్లా సాగాయి. 25-40 కిలోపాస్కల్స్ దగ్గర ఎముక దారి పట్టాయి. పూర్తిగా మారిపోయాయని కాదు, అటు నడక మొదలైంది.

కళ్లూ వేళ్లూ లేని కణానికి ఎలా తెలిసింది? కింద ఉన్నదాన్ని పట్టుకుని లాగి చూస్తుంది! మన కండల్ని కదిపే మయోసిన్ ప్రొటీన్‌కి చుట్టం ఒకటి కణంలోనూ ఉంటుంది. దాన్ని మందుతో ఆపేస్తే కణాలకి మెత్తనా గట్టీ తేడా తెలియలేదు. మామిడిపండు నొక్కి చూడబోతున్న మనిషి చెయ్యి పట్టుకున్నట్టే.

ఇదంతా ల్యాబ్ ముచ్చటే కదా అంటారా? చికిత్స కోసం తీసే మూలకణాలు కొన్నే ఉంటాయి. వాటిని డిష్షులో పెంచాలి. అసలు చిక్కు అక్కడే. 2010లో స్టాన్‌ఫోర్డ్‌లో హెలెన్ బ్లావ్ బృందం ఎలుకల కండ మూలకణాల్ని రెండు చోట్ల పెంచింది. 12 కిలోపాస్కల్స్ జెల్ మీద పెరిగినవి తిరిగి ఎలుక కండలోకి ఎక్కిస్తే చక్కగా కుదురుకున్నాయి. ప్లాస్టిక్ మీద పెరిగినవి ఆ సత్తువ చాలావరకు పోగొట్టుకున్నాయి.

పోనీ, తర్వాత మెత్తటి పరుపు మీదకి మారిస్తే? 2014లో కొలరాడో యూనివర్సిటీలో క్రిస్టీ ఆన్సెత్ బృందం, వెలుతురు పడితే మెత్తబడే జెల్‌తో అదీ చూసింది. గట్టి చోట కొన్నాళ్లే ఉన్న కణాలు తేరుకున్నాయి. బాగా ఎక్కువకాలం ఉన్నవి మాత్రం, కింద జెల్ మెత్తబడినా, ఇంకా గట్టి నేల మీదే ఉన్నట్టు ప్రవర్తించాయి.