అర్జీ మీద ఎవరి ఫోటో?

మా తోటపల్లి గూడూరు వైపు రొయ్యల పచ్చడి పెట్టడం రాని ఇల్లాలు తక్కువ. అమ్ముదామనేసరికి మాత్రం ఇంట్లో వినిపించే మాట, "మనకెందుకమ్మా ఆ లైసెన్సుల గొడవ?" బయట బ్రోకరు మాట, "మూడు వేలివ్వండి, నేను చూసుకుంటా."

ఏమిటండీ ఆయన చూసుకునేది? ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుంటే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలే చెప్పాయి. రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు కావాలి. అర్జీ పెట్టిన 7 రోజుల్లో ఇవ్వక, కాదనక, తనిఖీకి వస్తామనీ అనకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని కూడా వాటిలోనే రాసి ఉంది. ఈ ముక్క ఏ బ్రోకరూ చదివి వినిపించడు!

నియమాలే వద్దనడం లేదు. రొయ్యల్లో నల్ల నరం తీయకుండా జాడీకెక్కించేవాళ్లని నేనూ ఒప్పుకోను. నా కోపం అర్జీలో పేరు గురించి. రొయ్యలు ఒలిచేది ఆవిడ, పొయ్యి దగ్గర నిలబడేది ఆవిడ, కాగితం మీద యజమాని మాత్రం ఆయన. రేపు వ్యాపారం పేరు చెప్పి బ్యాంకులో లోను అడగాలంటే ఆవిడ చేతిలో ఏముంటుంది, చెప్పండి? అర్జీలో పెట్టే ఆ ఫోటో మీదే అవ్వాలి.