రాయి ఎత్తి చూశారా?

షాపులో గ్రైండర్ ముందు నిలబడ్డాక ఏ దంపతుల మాటలైనా దాదాపు ఒకలాగే ఉంటాయి. ఆయన 'ఎన్ని వాట్లు?' అంటాడు. ఆవిడ 'కడగడం ఎలా?' అంటుంది. షాపు కుర్రాడు ఆయనకే జవాబు చెబుతాడు. డబ్బులిచ్చేది ఆయనని వాడి లెక్క. ఆర్నెల్లకే ఆ గ్రైండర్ అటకెక్కి, ఇడ్లీ పిండి మళ్లీ మిక్సీలోకి దిగిందంటే కారణం చాలాసార్లు ఆవిడ ప్రశ్నను ఎవరూ పట్టించుకోకపోవడమే.

అసలు ఈ వాట్ల గొడవ ఏమంత పెద్దది కాదు. ఇళ్లలో వాడే మిక్సీకి 500 నుంచి 750 వాట్ల మోటారు ఉంటుంది. గట్టు మీద పెట్టుకునే టేబుల్ టాప్ గ్రైండర్‌కు చాలావరకు 150 వాట్లే. అంకె చూసి 'ఇదేం రుబ్బుతుంది?' అనిపిస్తుంది. కానీ మిక్సీ బ్లేడు నిమిషానికి 18 వేలసార్లు తిరిగి పప్పును నరుకుతుంది. గ్రైండర్ గిన్నె నిమిషానికి 100 పైచిలుకు సార్లు నిదానంగా తిరుగుతూ రాళ్ల మధ్య పప్పును నలుపుతుంది. కరెంటు లెక్కా అంతే. 750 వాట్ల మిక్సీ 6 నిమిషాలు తిరిగినా, 150 వాట్ల గ్రైండర్ అరగంట తిరిగినా ఖర్చయ్యేది 0.075 యూనిట్. బిల్లు చూసి భయపడాల్సిన పనే లేదు.

తేడా అంతా పిండిలో ఉంది. బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది. అందుకే మిక్సీలో రుబ్బే ఆడవాళ్లు ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు పోస్తుంటారు. గారెల పిండి దగ్గర ఆ ఉపాయమూ అంతంతమాత్రమే. నీళ్లు పోయకపోతే బ్లేడు తిరగదు, పోస్తే గారె నిలవదు. రాళ్ల మధ్యయితే చేత్తో నీళ్లు చిలకరిస్తే చాలు. మినప్పిండి గాలి పట్టుకుని వెన్నలా పొంగుతుంది. చిన్న ఉండ తీసి నీళ్లలో వేస్తే తేలాలి. గారెలు చేసే చేతులకు ఈ పరీక్ష తెలియనిది కాదు.

రుబ్బురోలు రోజుల్లో రోలు కదిలేది కాదు, చెయ్యే పొత్రాన్ని తిప్పేది. కరెంటు గ్రైండర్‌లో అది తిరగబడింది. గిన్నె తిరుగుతుంది, రాయి ఉన్నచోటే ఉంటుంది. ఈ యంత్రాలకు పుట్టిల్లు కోయంబత్తూరు. 'కోయంబత్తూరు వెట్ గ్రైండర్'కు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మిక్సీదీ అలాంటి కథే. విదేశాల నుంచి వచ్చిన మిక్సీలు మన నానబెట్టిన పప్పులకు, ఎండుకొబ్బరికి తట్టుకోలేకపోయేవి. 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, ఇంట్లో భార్య వాడే విదేశీ మిక్సీ పాడైపోవడంతో మన వంటకు తగ్గ మోటారుతో 'సుమీత్' తయారుచేశారు. యంత్రం వంటకు తగ్గట్టుండాలే గానీ వంట యంత్రానికి తగ్గట్టు మారదు కదా!

ఇక ఎన్ని లీటర్లది కొనాలి? షాపుల్లో ముందు చూపించేది 2 లీటర్లదే. తమిళనాడు ఇళ్లలో ఇడ్లీకి బియ్యమూ రుబ్బుతారు కాబట్టి అక్కడ ఆ గిన్నె నిండుతుంది. మన ఇళ్లలో చాలామంది గ్లాసు మినప్పప్పు రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి కలుపుతారు. అంటే గ్రైండర్‌లో పడేది ఆ గ్లాసు పప్పే. పెద్ద గిన్నెలో అంత కొంచెం వేస్తే పిండి గోడలకు అంటుకుపోతుంది, రాళ్లు ఉత్తినే తిరుగుతాయి. గరిటెతో తోస్తూ పక్కన నిలబడాలి. నలుగురున్న ఇంటికి 1.25 లేదా 1.5 లీటర్లది చాలు. వారానికి సరిపడా దోసెల పిండి ఒకేసారి రుబ్బే ఇంటికీ, పండగలకు పదిమంది దిగే ఇంటికీ 2 లీటర్లది అవసరమే.

అన్నిటికన్నా ముఖ్యం బరువు. టేబుల్ టాప్ గ్రైండర్లు చాలావరకు 10 కిలోలు దాటతాయి. పేరుకు టేబుల్ టాపే గానీ, రోజూ దించి ఎక్కించే వస్తువు కాదు. గట్టు మీద దానికంటూ ఓ చోటుండాలి. పైన అర ఉంటే మూత తీసి, రాళ్లు పైకి లాగేంత ఎత్తు మిగలాలి. గిన్నెను సింకు దాకా మోసేది ఎవరు? మోకాళ్ల నొప్పుల అత్తగారా, పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తే కోడలా? గిన్నె వంచి పిండి తీసే టిల్టింగ్ రకంలో మోత తప్పుతుంది కానీ, యంత్రం మరీ బరువు, చోటూ ఎక్కువ కావాలి. రాళ్ల ఇరుసు దగ్గర పిండి ఇరుక్కుని ఎండితే మర్నాటికి పులుసు వాసన కొడుతుంది. కాబట్టి ఆ భాగాలు ఎంత సులువుగా ఊడివస్తాయో కొనేముందే చూడాలి. కొత్త రాళ్లలో ఇసుక రాలుతుంది. మొదటిసారి గుప్పెడు బియ్యం రుబ్బి పారబోయాలి.

కొబ్బరి కోరేదీ, చపాతీ పిండి కలిపేదీ కూడా కొన్నిటితో పాటు ఇస్తారు. చపాతీలు రోజూ చేసే ఇంటికి రెండోది పనికొస్తుంది. కేకుల కోసం గుడ్లసొన గిలక్కొట్టాలంటే మాత్రం స్టాండ్ మిక్సర్ వేరే కొనుక్కోవాల్సిందే. రోటి పచ్చళ్లకు ఇవేవీ కావు. గోంగూర పచ్చడికి చిన్న రోలు ఉంచుకున్నవాళ్లే అదృష్టవంతులు.

అమెరికాలో ఉన్న కూతురికి పంపాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడిది 230. అక్కడ పనిచేసేలా తయారుచేసిన 110 వోల్టుల రకాన్ని అడిగి తీసుకోవాలి.

మళ్లీ షాపులోకి వస్తే, ఆవిడ షోకేసులోంచి గ్రైండర్ దింపించింది. మూత తీసి, రాళ్లు బయటపెట్టి, గిన్నెను నడుము దాకా ఎత్తి నాలుగడుగులు నడిచింది. కుర్రాడు కంగారుపడ్డాడు.

"డెమో మేం ఇంటికొచ్చి చేస్తాం కదమ్మా!"

"కడిగేది నువ్వు కాదుగా బాబూ..." అందావిడ. "దీనికన్నా చిన్నది చూపించు."