గాయాన్ని స్వభావం అనకండి

రాయ్‌పూర్ హాస్టళ్లలో దళిత, ఆదివాసీ విద్యార్థుల గురించి ఒక మాట నాకు తరచూ వినిపిస్తుంది: ‘ఊరికే కోపమొస్తుంది, ఉన్నట్టుండి ఎటో చూస్తూ ఉండిపోతారు.’ అలాంటివారిలో కొందరికి వైద్యులు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు పెడతారు. అయినవాళ్లు వదిలేస్తారన్న భయం, నిలకడలేని బంధాలు, తనను తాను గాయపరచుకోవడం దాని లక్షణాలు. తీవ్ర ఒత్తిడిలో మనసు శరీరం నుంచి విడిపోయినట్టు, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించడం మరొకటి. దీన్నే డిసోసియేషన్ అంటారు. తప్పించుకునే దారిలేని పసిమనసుకు అదొక రక్షణ. పెద్దయ్యాక ఆపద లేనప్పుడూ అది వదలదు.

1989లో అమెరికాలో జుడిత్ హెర్మన్ బృందం చేసిన అధ్యయనంలో, ఈ సమస్య ఉన్నవారిలో 81 శాతం మంది బాల్యంలో తీవ్ర హింసకు గురయ్యామనో, ఇంట్లో చూశామనో చెప్పారు. అది చిన్న అధ్యయనం. హింస ఒక్కటే కారణం కాదు, జన్యువుల పాత్ర కూడా ఉంది. అయినా బాల్యం గురించి అడగకుండా నిర్ధారణ పూర్తికాదు.

ఏ బాల్యం గురించి అడుగుతున్నాం? డీఎస్ఎమ్-5 ప్రకారం పీటీఎస్‌డీ నిర్ధారించాలంటే ప్రాణాపాయమో, తీవ్ర గాయమో, లైంగిక హింసో ఉండాలి. సతారా బడిలో బాల అంబేద్కర్ గోనెపట్ట మీద విడిగా కూర్చున్నాడు. ప్యూన్ లేని రోజు నీళ్లు లేవు. ఈ అవమానం ఆ లెక్కలోకి రాదు. పిల్లల బాధను ‘నీకేం కాలేదు’ అని కొట్టిపారేసే వాతావరణం ఈ సమస్యకు ఒక మూలమని మార్షా లైన్‌హాన్ 1993లో రాశారు. కులం పాటించే బడి అలాంటి వాతావరణమేనని నా వాదన.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్న ఇంకా బరువైనది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక బస్తర్‌లో ఊళ్లు తగలబడ్డాయి. ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు చేరాయి. ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా మార్చి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి ఏడేళ్ల పిల్లలు ఇప్పుడు యువతీయువకులు. వారిలో ఎవరి కేస్ షీట్‌లోనైనా ‘వ్యక్తిత్వ లోపం’ అని మాత్రమే రాస్తే, సమాజం, రాజ్యం చేసిన గాయం వారి స్వభావమైపోతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ కుల వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. ఆ హక్కు నిజం కావాలంటే వైద్యులు కులం, బడి, నిర్వాసం గురించి అడగాలి. గోండీలో, హల్బీలో, ఛత్తీస్‌గఢీలో అడగాలి. విశ్వవిద్యాలయాల్లో కులం తెలిసిన కౌన్సెలర్లు ఉండాలి. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ వంటి చికిత్సలతో చాలామంది కోలుకుంటారు. టెలీ మానస్ 14416 నంబరు ఉచితం. మన పిల్లలకు జాలి అక్కర్లేదు, వైద్యం కావాలి, జరిగింది జరిగినట్టు నమోదు కావాలి.