వినికిడి - ఉపేక్ష

చూపు మందగించినచో కంటద్దములు ధరించుటకు సంకోచింపనివారే వినికిడి మందగించినచో దాచుకొనుచున్నారు. వేణుగోపాలుడు వెలసిన నెమలియందైనను, మహానగరములందైనను ఈ యుపేక్ష యొక్కటియే. చెవిటితనము చెప్పి రాదు. పసిబిడ్డల సన్నని పలుకులు, పిట్టల కూతలు ముందుగా జాఱిపోవును. శబ్దము వినబడియు మాట తెలియదు. చెవిలో హోరు పుట్టును. ఇంటివారు చెప్పినదే మరల చెప్పవలసి వచ్చిననాడే పరీక్ష చేయించుకొనవలెను. అందు నొప్పి లేదు. హఠాత్తుగా వినికిడి పోయినచో ఆ దినముననే వైద్యుని జూడవలెను. శిశువులకు 1 నెల లోపల పరీక్ష, 3 నెలలలో నిర్ధారణ, 6 నెలలలో చికిత్స జరుగవలెను. ఆలస్యమైన మాటలు నేర్చుట దుర్ఘటమగును. ట్రాక్టరుల మీదను, నూర్పిడి యంత్రములయొద్దను పనిచేయువారి చెవులను పరీక్షింపజేయుట ఆసాముల ధర్మము. బధిరత్వ నివారణకై కేంద్రప్రభుత్వము 2007 లో జాతీయ కార్యక్రమము నారంభించినది. దాని ఫలము తిరువూరు ప్రాంతపు పల్లెలకెల్ల నందునట్లు అధికారులను హెచ్చరించుట గ్రామపెద్దల కర్తవ్యము.